గోదావరి ఒడ్డున తొలి కాన్పు: బూర్గంపాడు ప్రాంత అనుభవం

చరిత్ర పాఠంలో కాన్పుకు ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. భూమిశిస్తు, తిరుగుబాట్లు, పాలనా సంస్కరణలు చదువుతూ వచ్చిన మీకు పురిటి గది ప్రస్తావన వింతగానే ఉంటుంది. అయితే ఒక ప్రాంతంలోకి రాజ్యం ఎప్పుడు చేరింది, ఎంత లోపలికి చేరింది అని తెలుసుకోవడానికి కాన్పును మించిన కొలత దొరకడం కష్టం. అందులోనూ తొలి కాన్పు. రెండోసారికి స్త్రీకి తన శరీరం గురించి కొంత తెలిసి ఉంటుంది. మొదటిసారి ఆమెకు తెలిసినదంతా పక్కవాళ్ళు చెప్పినదే. ఆ చెప్పినవాళ్ళు ఎవరు? వాళ్ళకు ఎలా తెలిసింది? వాళ్ళకు తెలిసినది చాలనప్పుడు సాయం ఎంత దూరంలో ఉండేది? ఈ పాఠంలో బూర్గంపాడు ప్రాంతాన్ని తీసుకొని ఈ ప్రశ్నలకు జవాబు వెతుకుదాం.

తొలి కాన్పును వేరుగా చూడడానికి వైద్యపరమైన కారణం కూడా ఉంది. మొదటిసారి నొప్పులు ఎక్కువసేపు సాగుతాయి. రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చే స్థితి, అంటే మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనే జబ్బు, తొలిచూలులోనే ఎక్కువగా కనిపిస్తుంది. బిడ్డ అడ్డం తిరిగిందో, దారి చాలదో ముందుగా తెలిసే అవకాశం కూడా తొలిసారి తక్కువ. కాబట్టి తొలి కాన్పులో ఆలస్యానికి చెల్లించే మూల్యం ఎక్కువ.

నది, సరిహద్దు

బూర్గంపాడు గోదావరి కుడి ఒడ్డున ఉంది. కిన్నెరసాని ఈ ఊరికి సమీపంలోనే గోదావరిలో కలుస్తుంది. ఎదుటి ఒడ్డున భద్రాచలం. నేడు సారపాక దగ్గర వంతెన ఎక్కితే నిమిషాల్లో అవతలికి చేరతాం. కానీ దాదాపు వంద సంవత్సరాల పాటు ఈ నది రెండు ప్రభుత్వాల మధ్య హద్దు. 1860లో నిజాం ఎడమ ఒడ్డు తాలూకాలను బ్రిటిష్ వారికి అప్పగించాడు. అవి కొంతకాలం ఎగువ గోదావరి జిల్లా పేరుతో సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉన్నాయి. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు మారాయి. బూర్గంపాడు మాత్రం హైదరాబాదు రాజ్యంలో వరంగల్ జిల్లాకు చెందిన తాలూకాగా కొనసాగింది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. భద్రాచలం 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి వచ్చాకే రెండు ఒడ్లూ ఒకే జిల్లా కింద కలిశాయి.

కోయల చుట్టరికాలు ఈ హద్దును పట్టించుకోలేదు. మేనరికాలు, పెళ్ళి సంబంధాలు రెండు ఒడ్లా సాగాయి. తెలుగు ప్రాంతమంతటా ఉన్న ఆచారం ప్రకారం తొలి కాన్పు పుట్టింటి బాధ్యత. ఈ ఆచారాన్ని కేవలం ఖర్చు ఎవరిదన్న లెక్కగా చూస్తే అసలు సంగతి పోతుంది. తెలియని నొప్పి వచ్చే సమయానికి అమ్మాయి తన తల్లి దగ్గర ఉండాలన్నది అందులోని సారం. అత్తవారింట్లో అడగడానికి సిగ్గుపడే ప్రశ్నను అమ్మనో అమ్మమ్మనో అడగగలదు. అయితే పుట్టిల్లు అవతలి ఒడ్డున ఉంటే? నెలలు నిండకముందే, నది దాటగలిగిన కాలంలోనే పడవ ఎక్కాలి. వానాకాలంలో నెలలు నిండే చూలాలికి ఆచారం ఒకటి చెబితే గోదావరి మరొకటి చెప్పేది.

పురిటి గది బయట నిలబడిన రచయితలు

ఈ ప్రాంతపు కాన్పుల గురించి మనకు రాతపూర్వక ఆధారాలు ఏమున్నాయి? చాలా తక్కువ. ఉన్నవాటిలో ముఖ్యమైనవి దుమ్ముగూడెంలో పనిచేసిన క్రైస్తవ మిషనరీ జాన్ కెయిన్ రాతలు. 1870ల నుంచి ఆయన భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి, కోయల గురించి వ్యాసాలు రాశాడు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో కోయల గురించిన సమాచారం చాలావరకు కెయిన్ నుంచి తీసుకున్నదే.

కెయిన్ వర్ణించిన ఒక ఆచారం చూడండి. బిడ్డ పుట్టిన ఏడో రోజున బంధువులు, ఇరుగుపొరుగు చేరతారు. బిడ్డను మంచం మీద పడుకోబెట్టి, చేతిలో ఇప్ప ఆకు పెట్టి, తాము అనుకున్న పేరు పలుకుతారు. బిడ్డ గుప్పిట మూస్తే ఆ పేరు నచ్చినట్టు. ఆకు వదిలేసినా, ఏడ్చినా మరో పేరు వెతకాలి. చాలా అందమైన ఆచారం. తన పేరు విషయంలో పసిగుడ్డుకు కూడా ఒక మాట ఉందన్న భావన అందులో ఉంది. కానీ చరిత్ర విద్యార్థిగా మీరు అడగవలసిన ప్రశ్న వేరు: ఏడో రోజు గురించి ఇంత వివరంగా రాసిన రచయిత మొదటి ఆరు రోజుల గురించి ఎందుకు అంత చెప్పలేకపోయాడు?

సమాధానం సులభం. పురిటి గదిలోకి మగవాళ్ళకు ప్రవేశం లేదు. కెయిన్ అయినా, ఆ తరువాతి పరిశోధకులయినా బయట నిలబడే రాశారు. 1940లలో హైదరాబాదు రాజ్యంలోని గిరిజనులను అధ్యయనం చేసిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ కొండరెడ్లపై 1945లో పెద్ద గ్రంథమే ప్రచురించాడు. ఆ కాలంలో నిజాం ప్రభుత్వం ముందుంచిన నివేదికల్లో ఆయన దృష్టి భూమి, అటవీ కూలీ, వడ్డీ వ్యాపారుల మీద ఎక్కువగా నిలిచింది. అది అవసరమే. అయినా గదిలో ఏం జరిగిందో తెలిసినవాళ్ళు, అంటే తల్లులు, మంత్రసానులు, తమ చేత్తో ఏమీ రాసిపెట్టలేదు. తలుపు తెరుచుకున్నాక జరిగిన వేడుకే చరిత్రలోకి ఎక్కింది.

ఏడో రోజు దాకా పేరు పెట్టకపోవడంలో ఇంకో అర్థం ఉండవచ్చని నా అభిప్రాయం. బొడ్డు కోసినప్పుడు సోకే ధనుర్వాతం పసిబిడ్డల్లో సాధారణంగా మొదటి రెండు వారాల్లోపు, ఎక్కువగా ఏడో రోజు ప్రాంతంలో బయటపడుతుంది. ఆ గండం గడిచాక పేరు పెట్టడం చాలా సమాజాల్లో కనిపిస్తుంది. కోయల ఆచారానికి ఇదే కారణమని రుజువు చేయలేం. కానీ ఆ వారం ఎంత భయంగా గడిచేదో ఊహించడానికి ఇది సాయపడుతుంది.

మంత్రసానికి తెలిసినది, తెలియనిది

పాఠ్యపుస్తకాల్లో మంత్రసాని రెండు రూపాల్లో కనిపిస్తుంది. ఒకచోట ఆమె మూఢనమ్మకాల ప్రతినిధి. మరోచోట ఆధునిక వైద్యం తుడిచిపెట్టిన మహా జ్ఞాని. రెండింటినీ నమ్మకండి. ఆమె పనిని విడివిడి భాగాలుగా చూడాలి.

మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాల్సిందే అని మన సామెత. ఆ మాట ఎగతాళిగా వాడతాం గాని, అందులో ఆ వృత్తి నిబంధన ఉంది. పిలిచిన రాత్రి వెళ్ళాలి, మధ్యలో వదిలి రాకూడదు. నొప్పులు పడుతున్న అమ్మాయిని ఆమె పడుకోనివ్వకుండా నడిపించేది, దూలానికి కట్టిన తాడు పట్టుకుని గొంతుక్కూర్చోబెట్టేది, నడుము పట్టి రుద్దేది. తొలి కాన్పు తొందరగా కాదని ఆమెకు తెలుసు. అందుకే ఓపిక పట్టేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన కాన్పు మార్గదర్శకాలు ఏమంటున్నాయో చూడండి. నొప్పుల సమయంలో తల్లికి ఇష్టమైన తోడు ఉండాలి, ఆమె కదలాలి, నిటారుగా ఉండే భంగిమలను ప్రోత్సహించాలి, తొలి కాన్పులో నొప్పులు ఊపందుకున్న దశ 12 గంటల వరకు పట్టవచ్చు, గంటకింత అని లెక్కగట్టి తొందరపడకూడదు. తోడు, కదలిక, ఓపిక అనే ఈ మూడూ పాత పురిటి గదిలో ఉన్నవే.

ఇక తెలియనిది. కొడవలో, బ్లేడో, వెదురు బద్దో చేతికి అందినదానితో బొడ్డు కోయడం, దాని మీద బూడిదో పసుపో అద్దడం బిడ్డ ప్రాణానికి ముప్పు. ముర్రుపాలు పిండి పారబోసి తేనె, ఆముదం నాకించడం వల్ల బిడ్డకు దక్కవలసిన తొలి రక్షణ పోయేది. బాలింతకు నీళ్ళు తగ్గించి, కూరలు మాన్పించి, కారం అన్నంతో పథ్యం పెట్టడం అసలే రక్తం చాలని అమ్మాయిని మరింత నీరసపరిచేది. అన్నిటికన్నా మించి, మాయ పడక రక్తం ఆగకపోతే, బిడ్డ అడ్డం తిరిగితే, గుర్రపువాతం వస్తే ఆమె చేతిలో ఉపాయం లేదు.

చేతుల శుభ్రత విషయంలో మాత్రం మంత్రసానిని ఒక్కదాన్నే నిందించడం అన్యాయం. 1847లో వియన్నాలోని పెద్ద ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమెల్‌వైస్ అనే వైద్యుడు గమనించినదేమిటి? శవపరీక్షలు చేసి అదే చేతులతో కాన్పులు చేసే డాక్టర్ల విభాగంలో బాలింతలు జ్వరంతో ఎక్కువగా చనిపోతున్నారు. మంత్రసానులు చూసే విభాగంలో ఆ చావులు తక్కువ. ఆ ఏడాది ఏప్రిల్‌లో డాక్టర్ల విభాగంలో మరణాలు 18 శాతం దాటాయి. క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడగడం మొదలుపెట్టాక జూన్‌కి 2 శాతం దగ్గరకు తగ్గాయి. అయినా తోటి డాక్టర్లు చాలా ఏళ్ళు ఆయన మాట వినలేదు. సూక్ష్మక్రిముల సంగతి తెలియక ముందు ఆసుపత్రి దానంతటదే సురక్షిత స్థలం కాదు.

రాజధానిలో క్లోరోఫాం

ఇక్కడ ఒక వైరుధ్యాన్ని గమనించాలి. బూర్గంపాడును పాలించిన హైదరాబాదు రాజ్యం వైద్యంలో వెనుకబడినదేమీ కాదు. రాజధానిలో వైద్య పాఠశాల 1846లోనే మొదలైంది. క్లోరోఫాం మత్తు ఎంత సురక్షితమో తేల్చడానికి ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889 సంవత్సరాల్లో రెండు కమిషన్లు హైదరాబాదులో ప్రయోగాలు చేశాయి. లండన్ నుంచి నిపుణుణ్ణి రప్పించడానికి నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చింది. అక్కడే చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాళ్ళలో ఒకరిగా పేరు పొందింది. మద్రాసు వైపు చూస్తే, అక్కడి ప్రసూతి ఆసుపత్రి 1844 నాటిది. గుంటూరులో అన్నా కుగ్లర్ 1883 నుంచి స్త్రీలకు వైద్యం చేసింది. డఫ్రిన్ నిధి 1885లో ఏర్పడింది.

వీటిలో ఏదీ కిన్నెరసాని ఒడ్డుకు చేరలేదు. సన్యాసం లాంటి అడవిలో జనం వైద్యాన్ని కాదన్నారని ఆ కాలపు అధికారులు రాసుకుని ఉండవచ్చు. కాదనడానికి ముందు అది వాళ్ళ గడప దాకా రావాలి కదా.

వంతెన, సూది మందు, ఫోను

స్వాతంత్ర్యానికి ముందు దేశం మొత్తం పరిస్థితి ఏమిటో 1946 నాటి భోర్ కమిటీ నివేదిక చెబుతుంది. వెయ్యి కాన్పులకు సుమారు 20 మంది తల్లులు చనిపోతున్నారని, అంటే ఏటా దాదాపు రెండు లక్షల మందిని కోల్పోతున్నామని ఆ కమిటీ అంచనా వేసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అనే ఆలోచనకు మూలం కూడా అదే నివేదిక. 1952లో సామాజికాభివృద్ధి పథకంతో అవి మొదలయ్యాయి.

మన ప్రాంతంలో అసలు మలుపు మాత్రం వైద్య శాఖ వల్ల రాలేదు, రోడ్ల వల్ల వచ్చింది. 1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన ప్రారంభమైంది. అప్పటిదాకా వరదలో కుడి ఒడ్డు చూలాలికి అవతలి ఆసుపత్రి ఉన్నా లేనట్టే. ఆ తరువాత సారపాకలో కాగితపు మిల్లు రావడంతో బస్సులు, లారీలు, జీపులు పెరిగాయి. చావుబతుకుల మధ్య ఉన్న గర్భిణికి దారిన పోయే లారీ కూడా అంబులెన్సే.

రెండో మార్పు నిశ్శబ్దంగా వచ్చింది. మంత్రసానులకు శిక్షణ ఇచ్చి, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, సబ్బు ఉన్న పొట్లాలు పంచారు. గర్భిణికి ధనుర్వాతపు సూది వేయడం 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమం మొదలయ్యాక ఊరూరికీ చేరింది. ఏఎన్ఎంలు సైకిళ్ళ మీద, కాలినడకన తిరిగి చేసిన పని ఇది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తల్లుల, నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించిన మొదటి రాష్ట్రంగా గుర్తింపు పొందింది. దేశమంతటికీ ఆ గుర్తింపు 2015లో వచ్చింది. పేరులేని మొదటి వారపు భయం అలా పోయింది. ఈ విజయం మీద పాటలు లేవు, విగ్రహాలు లేవు. మన పత్రికలు కూడా దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

2005లో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్త, జననీ సురక్షా యోజన వచ్చాయి. ఆగస్టు 15న 108 సేవ మొదలైంది. 2017 జూన్ 2 నుంచి తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయితే ఆడపిల్లకు 13,000, మగపిల్లాడికి 12,000 రూపాయలు, ఒక కిట్టు ఇచ్చే పథకం నడిచింది. రక్తహీనత ఎక్కువగా ఉన్న తొమ్మిది జిల్లాల్లో 2022 డిసెంబరులో పోషకాహార కిట్లు ప్రారంభిస్తే, అందులో భద్రాద్రి కొత్తగూడెం ఒకటి. 2018-20 గణాంకాల ప్రకారం లక్ష కాన్పులకు తల్లుల మరణాలు దేశంలో 97, తెలంగాణలో 43. భోర్ కమిటీ చెప్పిన లెక్కను లక్షకు మారిస్తే 2,000.

1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లుల మరణాలను మూడు ఆలస్యాలుగా వివరించారు. ఆసుపత్రికి వెళ్ళాలని నిర్ణయించడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక చికిత్స అందడంలో ఆలస్యం. మన ప్రాంతానికి ఇది బాగా సరిపోతుంది. మొదటి ఆలస్యాన్ని ఆశా కార్యకర్త చాలావరకు తగ్గించింది. రెండోది ఇంకా నది చేతిలోనే ఉంది. గోదావరి పొంగితే ఆ నీరు కిన్నెరసానిలోకి ఎదురు తన్ని బూర్గంపాడు దారులు మునుగుతాయి. అందుకే వరద సూచన రాగానే నెలలు నిండినవాళ్ళను ముందే ఆసుపత్రికి తరలించడం ఇప్పుడు అధికారుల పనిలో భాగమైంది. చూలాలు వానలకు ముందే పుట్టింటికి చేరాలన్న పాత జాగ్రత్తే ఇది. పుట్టింటి స్థానంలోకి ఆసుపత్రి వచ్చింది.

మరో సంగతి. 2014లో పోలవరం కోసం బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలు, కుకునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 1959లో చెరిగిన గీత మరో రూపంలో మళ్ళీ పడింది. అక్కడి గర్భిణికి దగ్గరి పెద్దాసుపత్రి భద్రాచలంలో ఉంది. ఆమె పేరు నమోదైన ఉపకేంద్రం వేరే రాష్ట్రంలో ఉంది. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ హింస నుంచి పారిపోయి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గొత్తికోయ కుటుంబాల స్థితి ఇంకా కష్టం. అంబులెన్సు రోడ్డు దాకానే వస్తుంది. అక్కడి దాకా డోలీయే. రాష్ట్ర సగటు 43 అని రాసుకునేటప్పుడు ఈ గుడిసెలను గుర్తుపెట్టుకోవాలి.

ఆసుపత్రి మరిచిపోయినది

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) నాటికి తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరుగుతున్నాయి. అదే సర్వే ప్రకారం 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లు. దేశంలో ఇది 21.5 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. తొలి కాన్పు కోతతో అయితే తరువాతి కాన్పు కూడా చాలాసార్లు అదే దారి పడుతుంది. అందుకే అసలు నిర్ణయం మొదటిసారే జరిగిపోతుంది. ముహూర్తం చూసి కోయించుకునే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఓపిక పట్టే తీరిక లేని ఆసుపత్రులు ఉన్నాయి. భయపడే అమ్మాయి పక్కన కూర్చుని ఇది మామూలే, ఇంకాసేపు ఓర్చుకో అని చెప్పే మనిషి లేకపోవడం కూడా ఒక కారణమని నేననుకుంటాను. మంత్రసానిని పంపేసినప్పుడు ఆమె వెదురు బద్దతో పాటు ఆమె ఓపికనూ పంపేశాం.

ఈ లోటును ప్రభుత్వం గుర్తించింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ సంస్థ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. 2018లో కేంద్రం దేశవ్యాప్త మార్గదర్శకాలు ఇచ్చింది. చేతులు కడుక్కునే, రక్తపోటు చూసే, అవసరమైతే వెంటనే డాక్టరును పిలిచే మంత్రసాని అన్నమాట.

మీరు సేకరించగల ఆధారాలు

ఈ పాఠంలోని ఖాళీలను పూరించగలిగినది మీరే. మీ ఇంట్లో, మీ ఊళ్ళో 60 ఏళ్ళు దాటిన స్త్రీలను వాళ్ళ తొలి కాన్పు గురించి అడిగి రాయండి. మగ విద్యార్థులు అక్కనో, అత్తనో వెంట తీసుకుని వెళితే మాట సాగుతుంది. ఎవరు పక్కనున్నారు, బొడ్డు దేనితో కోశారు, ఎన్నాళ్ళు గదిలో ఉంచారు, ఏం తిననిచ్చారు, భయం వేసినప్పుడు ఎవరు ఏం చెప్పారు అని అడగండి. బిడ్డ దక్కకపోయిన కాన్పు గురించి ఆమె తనంతట తాను చెబితేనే రాయండి.

సంవత్సరం చాలామందికి గుర్తుండదు. దానికి గోదావరే సాయం చేస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నది 75.6 అడుగులకు చేరింది, 2022 జులైలో 71.3 అడుగులు దాటింది. బిడ్డ పెద్ద వరదకు ముందా, తరువాతా, వంతెన అప్పటికి ఉందా, పడవ మీద దాటావా అని అడిగితే అవ్వ సరిగ్గా చెబుతుంది. పక్కన కోడలో మనవరాలో ఉంటే వాళ్ళనూ కూర్చోనివ్వండి, వాళ్ళు అడిగే ప్రశ్నలు మీకు తట్టవు. రాసుకున్నదాంట్లో పేర్లు వద్దు. ఊరు, సుమారు సంవత్సరం, ఎన్నో కాన్పు అన్నవి చాలు.